అసిరి పోసిన నీళ్ళు

తాతలకు తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న కాలం. పెంకుటిల్లు అంటే ఏమిటో ఎవరికీ తెలియని కాలం. పడమటి కొండల కింద గాలిమెట్ట అని ఒక ఊరుండేది. ఊరంతా తాటాకు ఇళ్ళే. ఒక ఇంటి చూరు పక్కింటి చూరును రాసుకుంటూ ఉండేది. ఆ ఊళ్ళో అసిరి అనే ఒకావిడ ఉండేది. ఊఁ కొడుతూ వినండి, ఇది ఆవిడ కథ.

అసిరి పేరున్న మనిషి కాదు. తాటాకు చాపలు అల్లుకుని బతికేది. మొగుడు బండి తోలేవాడు, నెలలో సగం రోజులు దారిలోనే ఉండేవాడు. పక్కిల్లు తోడికోడలు గవరమ్మది. అన్నదమ్ములిద్దరూ ఒకే దొడ్డిలో రెండిళ్ళు వేసుకుని, మధ్యలో తాటిమట్టలతో దడి కట్టుకున్నారు. ఆ దడిలో ఒక సందుండేది. అసిరి చాప అల్లేది ఆ సందు పక్కన కూర్చునే.

గవరమ్మ ఆనపపాదు పెట్టింది. అసిరీ పెట్టింది. విత్తనం ఒకటే, మన్ను ఒకటే. గవరమ్మ పాదు చూరెక్కి కడవలంత కాయలు దింపింది. అసిరి పాదు పూసింది, రాల్చేసింది. అసిరి దడి సందులోంచి చూసింది. కళ్ళలో నిప్పులు పోసుకుంది.

గవరమ్మ చేపల పులుసు పెడితే వీధిలో పోయేవాళ్ళు ఆగేవారు. "ఏటి వండావు గవరమ్మా, ఆకలి పుట్టించేస్తున్నావు" అనేవారు. అసిరి కూడా అదే చెరువు చేప తెచ్చేది, అదే చింతపండు పిసికేది. ఆమె గుమ్మం ముందు ఎవరూ ఆగేవారు కాదు. అసిరి దడి సందులోంచి చూసింది. కళ్ళలో నిప్పులు పోసుకుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, అత్త ఒక ఎత్తు. అత్త పేరు సన్నెమ్మ. చూపు పోయింది, కాళ్ళు పడిపోయాయి. ఏ కోడలి దగ్గరుంటావని కొడుకులు అడిగితే, "పెద్దదాని దగ్గరుంటాను, దాని చెయ్యి చల్లన" అంది. చిన్నకోడలు అక్కడే నిలబడి ఉందని ముసలమ్మకు కనబడలేదు. కనబడినా ఆ మాటే అనేదేమో. ఆ రోజు నుంచి సన్నెమ్మ మంచం గవరమ్మ ఇంట్లో. అసిరి దడి సందులోంచి చూసింది. ఇక చెప్పేదేముంది, కళ్ళలో నిప్పులు పోసుకుంది.

గాలిమెట్టకు ఆ పేరు ఊరికే రాలేదు. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక, ఆకు కదలకుండా ఉక్కపోస్తున్నప్పుడు, పడమట కొండ మీద ఎర్రగా దుమ్ము లేచేది. కాసేపటికి గాలి కొండ దిగి వచ్చేది. చూరులు ఊడబెరికేది, చాపలు ఎత్తుకుపోయేది, చెట్లను జుట్టుపట్టి ఊపేది. గాలి వస్తే ఊళ్ళో తలో పనీ చేసేవారు. ఒకరు వాకిట్లో రోకలి నిలబెట్టి దణ్ణం పెట్టేవారు. ఒకరు గుప్పెడు ఉప్పు గాల్లోకి చల్లి తిట్టేవారు. మిగతా ఊరంతా తట్టలు నెత్తిన పెట్టుకుని కొండకింద మామిడితోపుకు పరిగెత్తేది. గాలికి రాలిన కాయ ఎవరికి దొరికితే వాళ్ళది.

ఒక ఏడు గాలి అసిరి ఇంటికప్పు లేపి, ఆకంతా తీసుకెళ్ళి గవరమ్మ దొడ్లో పడేసింది. గవరమ్మ ఇంటికప్పు మీద ఒక్క ఆకు కదల్లేదు. గవరమ్మ ఆ ఆకంతా ఏరి, మోపులు కట్టి, తలమీద మోసుకొచ్చి అసిరి వాకిట్లో వేసింది.

"మొగుడు వచ్చేదాకా మా ఇంట్లో పడుకోవే" అంది.

"గాలిక్కూడా నువ్వంటేనే ఇష్టం కదా అక్కా" అంది అసిరి. వెళ్ళలేదు. కప్పులేని ఇంట్లోనే పడుకుంది.

మరుసటేడు ఎండాకాలంలో అసిరికి ఒక ఆలోచన వచ్చింది. పొద్దున్నే చెరువుకు వెళ్ళి మంచి కొరమీను తెచ్చింది. చింతపండు తగ్గించి, మామిడికాయ ముక్కలేసి, సన్నసెగ మీద పులుసు పెట్టింది. తాను రుచైనా చూడకుండా గిన్నె పట్టుకుని గవరమ్మ ఇంటికి వెళ్ళింది. "అత్తకు పెట్టక్కా" అని చేతికిచ్చి, మాట్లాడకుండా వచ్చేసి దడి సందు దగ్గర కూర్చుంది.

గవరమ్మ అన్నం కలిపి ముసలమ్మకు ముద్దలు పెట్టింది. సన్నెమ్మ ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది. మూడో ముద్ద తిని పెదాలు నాక్కుంది.

"గవరా, నీ చేతి పులుసు తిన్నాక ఇంకేదీ తినబుద్ధి కాదే. ఆ చిన్నదానికి ఎప్పటికి వస్తుందో ఈ చెయ్యి" అంది.

"ఇది అసిరే వండింది అత్తా" అంది గవరమ్మ.

"ఊరుకోవే. నా నాలిక్కి తెలీదా?" అంది సన్నెమ్మ.

దడికి ఇవతల అసిరి చేతిలో తాటాకు పుటుక్కున తెగింది.

ఆ మధ్యాహ్నమే పడమట ఎర్రదుమ్ము లేచింది. వీధంతా కేకలు, తట్టల చప్పుడు. గవరమ్మ పొయ్యిమీద ఉలవలు ఉడుకుతున్నాయి. ఉడికేలోపు వచ్చేస్తానని కట్టెలు కొంచెం వెనక్కి లాగి, తట్ట పట్టుకుని బయల్దేరింది. దడి దగ్గర ఆగి పిలిచింది.

"ఒలే అసిరీ, తోపుకు రావా?"

"నీ పక్కన ఏరితే నాకు పుచ్చిపోయిన కాయలే దొరుకుతాయి. నువ్వెళ్ళు" అంది అసిరి.

ఊరు ఖాళీ అయింది. గాలి కొండ దిగింది. మొదట దుమ్ము, తర్వాత ఎండుటాకులు, ఆ తర్వాత చిన్న చిన్న రాళ్ళు. అసిరి చీరకొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని దడి సందులోంచి చూస్తూనే ఉంది. ఎన్నేళ్ళ అలవాటో అది.

గవరమ్మ వసారాలో పొయ్యి బుస్సుమంది. ఒక నిప్పురవ్వ లేచి వాకిట్లో పడింది. పడి ఆరిపోయింది. అసిరి చూసింది. కదల్లేదు.

ఇంకో రవ్వ లేచి చూరు కింద ఆనించిన తాటాకు మోపు మీద పడింది. సన్నగా పొగ వచ్చింది. అసిరి చూసింది. కదల్లేదు. "ఇప్పుడు తెలుస్తుంది, కప్పు పోతే ఎలాగుంటుందో" అనుకుంది.

మూడో రవ్వ మోపుమీంచి మంటై లేచి చూరెక్కింది. ఎండిన తాటాకు, పడమటి గాలి. ఆనపపాదు ముందు నల్లబడింది, తర్వాత లేకుండా పోయింది. ఏళ్ళ తరబడి మండిన అసిరి కడుపు ఆ పూట చల్లబడాలి. చల్లబడలేదు. ఆవిడకు అప్పటిదాకా ఇల్లే కనబడింది, ఇంట్లో మనిషి కనబడలేదు.

లోపలి నుంచి గొంతు వచ్చింది.

"గవరా, పొగొస్తోందే."

అసిరి లేచి నిలబడింది.

"గవరా, ఎక్కడున్నావే?"

దడి మీద చెయ్యి వేసింది. ఈ చావుగడియలో కూడా ఆ పేరేనా అనుకుంది. అనుకుంటూనే మట్టలు పీకింది.

"గవరా."

"ఇదిగో అత్తా, వస్తున్నా" అంది అసిరి.

దడి కూలదోసుకుని వెళ్ళింది. వసారా మండుతోంది. కొంగు తలమీద కప్పుకుని దూరింది. ముసలమ్మను మంచం మీంచి లాగి వీపున వేసుకుంది. గుమ్మం దాటుతుంటే చూరు విరిగి భుజం మీద పడింది. జుట్టు కాలింది. భుజం కాలింది. వీపుమీద ముసలమ్మ, "గవరా, నా తల్లీ" అంటూనే ఉంది. అసిరి "ఊఁ అత్తా, ఊఁ" అంటూనే ఉంది. అలాగే తోపుదాకా మోసుకుపోయింది.

గవరమ్మ ఇల్లు పోయింది. అసిరి ఇల్లు పోయింది. గాలి మంటను ఒక చూరు నుంచి ఇంకో చూరుకు అందించుకుంటూ వీధంతా తిరిగింది. గాలి వెనకే వాన రాబట్టి మిగతా ఊరు దక్కింది. వాన ఆగాక జనం వీధిలో నిలబడి ఆ బూడిద వంక చూశారు. తట్టల్లో కాయలు తట్టల్లోనే ఉన్నాయి.

ఇళ్ళు పోయినవాళ్ళు తోపులో చెట్ల కింద కాపురం పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ సన్నెమ్మ ఒకటే కథ చెప్పేది. "నా పెద్దకోడలు నిప్పుల్లోంచి నన్ను మోసుకొచ్చింది."

"నేను కాదత్తా, అసిరి" అనేది గవరమ్మ.

"చూశారా దాని మనసు? తను చేసిన మంచికూడా తోడికోడలి పేరున రాస్తోంది" అనేది సన్నెమ్మ.

కాలిన భుజానికి ఆకుపసరు రాసుకుంటూ అసిరి ఆ మాట వినేది. నిజం చెప్పినా గవరమ్మకే పేరొస్తోంది. ఆ వానాకాలం చివర సన్నెమ్మ కన్నుమూసింది. పోయేటప్పుడు కూడా పట్టుకున్నది గవరమ్మ చెయ్యే. అసిరి చూసింది. ఏడ్చింది. ఆ ఏడుపులో దుఃఖం ఎంతో, ఓర్వలేనితనం ఎంతో ఆవిడకే తెలియలేదు.

దినాలయ్యాక ఒక పొద్దున అసిరి గవరమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. చాలాసేపు నేలమీద పుల్లతో గీతలు గీసింది.

"అక్కా, ఆ రోజు రవ్వ పడడం నేను చూశాను" అంది. "మొదటిది చూశాను. రెండోది చూశాను. చూసి ఊరుకున్నాను. అప్పుడే ఒక చెంబుడు నీళ్ళు పోసుంటే వీధి మిగిలేది."

గవరమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"తెలుసు" అంది.

"ఎలా తెలుసు?"

"నీ కళ్ళెప్పుడూ మా ఇంటిమీదేగా. నీకు కనబడకుండా మా ఇంట్లో రవ్వ ఎలా లేస్తుందే?"

అసిరి తల ఎత్తలేదు. "తెలిసీ ఎవరికీ చెప్పలేదా?"

"అత్తను మోసుకొచ్చావు కదా. అదీ ఇదీ కలిపి నాలోనే దాచుకున్నాను. కోపం రాలేదని కాదు, కొన్నాళ్ళు నీ మొహం చూడబుద్ధి కాలేదు." గవరమ్మ చేట కింద పెట్టింది. "చూడడం మానమంటే నువ్వు మానేదానివి కావు. చూడు. కానీ ఈసారి చేతిలో చెంబు పట్టుకుని చూడు."

మళ్ళీ ఇళ్ళు లేచాయి. మళ్ళీ దడి కట్టారు. మళ్ళీ ఎండాకాలం వచ్చింది. పడమట ఎర్రదుమ్ము లేవగానే, అందరూ తట్టలు వెతుక్కుంటుంటే, అసిరి నీళ్ళకడవ చంకనెత్తుకుంది. మొదట గవరమ్మ పొయ్యిలో పోసింది. బుస్సుమని బూడిద లేచింది. అక్కడితో ఆగలేదు. ఆ పక్కింట్లో పోసింది. ఆ ఎదురింట్లో పోసింది. పోసే ముందు ప్రతి గిన్నె మూత తీసి లోపల ఏముందో చూసింది.

ఊళ్ళో ఆడవాళ్ళు ఇంతెత్తున లేచారు. "సగం ఉడికిన కూర చల్లార్చేశావు, నీకేం పోయేకాలం?" అన్నారు.

"మీ ఇంట్లో కూర, మా ఇంట్లో గంజి. చూడలేక పోశాను" అంది అసిరి.

ఇంకో కారణం చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. కుళ్ళుమోతుదని అందరికీ తెలిసిందే కదా. ఆ గాలికి కొండ పక్కనున్న ఊరు కాలిపోయింది. గాలిమెట్టలో ఒక్క చూరు కాలలేదు. రెండో ఏడూ అంతే. మూడో ఏడుకి ఊరికి అర్థమైంది. పడమట దుమ్ము లేస్తే ఆడవాళ్ళు పొయ్యి దగ్గర్నుంచి జరిగి, అసిరికి దారి ఇవ్వడం మొదలుపెట్టారు.

అలా అని అసిరి మారిపోయిందనుకోకండి. కడవతో వెళ్ళిన ప్రతి ఇంట్లో ఏదో ఒకటి చూసి కుళ్ళుకునేది. ఒకరి కోడలు బాగుందని, ఒకరి ఆవు పాలెక్కువని. ముసలిదయ్యాక కూడా గవరమ్మ ఆనపపాదు వంక చూసి మూతి తిప్పుకునేది. గవరమ్మ ఒక కాయ కోసి ఇస్తే, "పెద్దది నువ్వు ఉంచుకుని చిన్నది నాకిచ్చావా" అని తీసుకునేది.

ఒక చలికాలం అసిరి పోయింది. ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. దుమ్ము లేచింది. ఊరి ఆడవాళ్ళంతా అలవాటుగా పొయ్యి పక్కకు జరిగి నిలబడ్డారు. ఎవరూ రాలేదు. గాలి మాత్రం దగ్గరికి వస్తోంది. అప్పుడు నడుం వంగిపోయిన గవరమ్మ ఒక చెంబు పట్టుకుని, తన పొయ్యి దాటి, పక్కింట్లోకి వెళ్ళింది. మూత తీసి గిన్నెలోకి తొంగిచూసింది. "మా ఇంటికంటే మీ ఇంట్లోనే బాగున్నట్టుంది" అని గొణిగి, నీళ్ళు పోసింది. ఆ ఇంటావిడ చెంబు తీసుకుని ఆ పక్కింటికి వెళ్ళింది. ఆవిడ ఇంకో ఇంటికి.

ఇప్పటికీ ఆ కొండకింద ఊళ్ళలో గాలొస్తే ఎవరి పొయ్యి వాళ్ళు ఆర్పుకోరు. పక్కింటివాళ్ళు వచ్చి ఆర్పాలి. మూత తీసి చూడాలి, ఒక కుళ్ళుమాట అనాలి. ఆ మాటకు ఎవరూ కోపం తెచ్చుకోరు. తోపుకు తొందరపడే పిల్లల్ని తల్లులు రెక్క పట్టుకుని ఆపి, "ఆగరా, అసిరి వచ్చి వెళ్ళనీ" అంటారు. ఇళ్ళమీద ఇప్పుడు తాటాకు లేదు. పొయ్యిలో కట్టె లేదు, గ్యాసు వచ్చింది. పడమట ఎర్రబడగానే పక్కింటావిడ వస్తుంది, మీట తిప్పి మంట ఆపుతుంది. ఆపి వెళ్ళిపోవచ్చు కదా, వెళ్ళదు. మూత తీసి, లోపల ఏముందో చూసుకునే వెళుతుంది.