చుట్టుకో మోపు

పరిగెత్తేది ఒకరు, ఇచ్చేది ఇంకొకరు అయితే ఆ దానం ఎవరిదర్రా? తొందరపడకండి. మొన్న మీ బడిలో ఆశ్రమం పిల్లల కోసం పరుగు పెట్టారుగా. చుట్టుకింత డబ్బు ఇస్తానని మీ నాన్న రాసిచ్చాడు, మాన్విత పరిగెత్తింది. పుణ్యం ఎవరిది? ఈ కథ విన్నాక చెప్పండి.

ఒక గుట్ట కింద జంతువులన్నీ కలిసి ఒక పందిరి వేశాయి. దిక్కులేనివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు ఉండేది అందులోనే. ఆ ఏడు కాలు విరిగిన మేక పిన్ని, తల్లి లేని దూడ ఉన్నారు. ఎండలు ముదిరాయి. పందిట్లో మేత మూడు రోజులకు మించి లేదు, తొలకరికేమో ఇంకా నెల ఉంది. దూడ అప్పటికే పందిరి తాటాకులు పీకి నమలడం మొదలుపెట్టింది.

అప్పుడు కాకి, తను పట్నంలో చూసొచ్చిన ఆట గురించి చెప్పింది. నూర్పిళ్లు అయిపోయి కళ్లం ఖాళీగా, గుండ్రంగా ఉంది కదా, దాని చుట్టూ తిరుగుదాం అంది. తిరిగేవాళ్ల వెనక ఒక్కో దాత నిలబడి, చుట్టుకింత మేత అని మాటివ్వాలి. ఎక్కడ ఆగితే అక్కడితో వాళ్ల ఆట సరి.

కుందేలు వెనక ఉడుత నిలబడి చుట్టుకో గుప్పెడు గింజలంది. జింక వెనక కోతి నిలబడి చుట్టుకో ఆకుల కొమ్మంది. ఇక అందరూ నక్క బావ వైపు చూశారు.

ఎందుకంటే, ఒక రైతు వదిలేసిపోయిన వేరుశనగ కట్టె వామి నక్క బావ చేతిలో ఉంది. కాయలు కోసుకున్నాక మిగిలే తీగ అది, పశువులకు మంచి మేత. నక్క దాన్ని తినదు. అయినా పైకెక్కి కూర్చుని నాదే అంటుంది. గడ్డివాము దగ్గర కుక్క సామెత తెలుసుగా, ఇక్కడ కుక్క బదులు నక్క.

ఇవ్వనంటే పేరు పోతుంది, ఇస్తే వామి పోతుంది. నక్క బావ అటూ ఇటూ చూశాడు. ఒక మూల ఎద్దు తాత కనిపించాడు. ఊళ్లో నూనె గానుగ మూతపడ్డాక యజమాని వదిలేసిన ముసలి ఎద్దు. లేవడానికే రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాలి.

"ఎద్దు తాత వెనక నేను నిలబడతాను," అన్నాడు నక్క బావ, అందరికీ వినబడేలా. "గుప్పెళ్లూ కొమ్మలూ కాదు. చుట్టుకో మోపు."

రెండు చుట్లకే కూలబడతాడని లోపల నవ్వుకున్నాడు. పోయేది గోరంత, పేరు కొండంత.

ఎద్దు తాత ఒక్కటే అడిగాడు. "కళ్లకు గంతలు కట్టండి నాయనా. చూస్తూ గుండ్రంగా తిరిగితే నాకు కళ్లు తిరుగుతాయి."

గంతలు కడితే ఇంకా తొందరగా పడతాడనుకుని, నక్క బావ తనే గోనెగుడ్డ తెచ్చి బిగించి ముడేశాడు.

కుందేలు ఎనిమిది చుట్లు తిరిగి నీడకు చేరింది. జింక పన్నెండుకు ఆగింది. ఎద్దు తాత మాత్రం నడుస్తూనే ఉన్నాడు. వేగం పెరగలేదు, తగ్గలేదు. చుట్టు పూర్తయినప్పుడల్లా కోతులు ఒక మోపు మోసుకుపోతున్నాయి. పొద్దు నడినెత్తికొచ్చేసరికి వామి నడుముదాకా దిగింది, దాంతోపాటు నక్క బావ మొహమూ దిగింది.

చాలు తాతా, నీ ఒళ్లు ముఖ్యం అని బతిమాలాడు. తాత తల ఊపి నడిచాడు. ఇలా కాదని వాగు ఒడ్డున మిగిలిన గుప్పెడు పచ్చగడ్డి ఏరి తెచ్చి దారి పక్కన పెట్టాడు.

"వాసన వస్తోందిలే బావా," అన్నాడు తాత ఆగకుండానే. "గానుగ దగ్గర పాతికేళ్లు తెలగపిండి వాసన పీలుస్తూ నడిచాను. ఆగితే దొరికేది పిండి కాదు, చర్నాకోల దెబ్బ. ఆ నూనె ఎవరింట్లో దీపానికి పోయిందో నాకు తెలీదు. ఇవాళ మాత్రం తెలుసు."

నక్క బావ కాకి దగ్గరకు పరిగెత్తాడు. దీనికి ఒక హద్దు ఉండాలిగా అన్నాడు.

"చుట్టుకో మోపన్నది నువ్వు," అంది కాకి. "ఎన్ని చుట్లో నువ్వు చెప్పలేదు, మేం అడగలేదు."

పొద్దు వాలేవేళకు దూడ వచ్చి తాతకు అడ్డంగా నిలబడింది. వామి అయిపోయింది, ఇక ఆగమంది. గంతలు విప్పారు. తాత కళ్లు చికిలించాడు.

"ఎక్కడిదాకా వచ్చాం?"

"బయల్దేరిన చోటికే తాతా," అంది దూడ, నోటినిండా కట్టె నములుతూ.

వామి ఉన్నచోట ఖాళీ నేల మీద నక్క బావ కూర్చున్నాడు. దారినపోయేవాళ్లంతా మహాదాతవయ్యా అని దండం పెట్టిపోతున్నారు. ఆ దండాలు అతనికి ముళ్లలా గుచ్చుకున్నాయి.

ఎదుటివాడి ఎముకలు లెక్కపెట్టి మాటివ్వకూడదర్రా, అతను నడిచొచ్చిన దారి తెలుసుకుని ఇవ్వాలి.

ఇక నా ప్రశ్నకు జవాబు మీలో మీరు తేల్చుకోండి. నాకింకా అర చేట వేరుశనక్కాయలు ఒలవాలి. కబుర్లలో పడి చాలాసేపు ఆగిపోయాను.