ఉపాయాలు జల్లించిన ఎద్దు

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు లంకల్లో అరటి తెప్పలు కట్టే పితాని సత్తెయ్య. ఆయన చెప్పినంతే చెబుతాను. సొంతంగా కలిపే అలవాటు నాకు లేదు.

గోదావరి నడుమ ఒక లంక. దానిమీద ఎద్దు, నక్క, పంది, బాతు, ఉడుము, రెండు పిల్లలతో ఒక మేక. శ్రావణంలో నీళ్ళు ఎర్రబడ్డాయి. పొద్దున గడ్డి దాకా ఉన్న వరద మధ్యాహ్నానికి పొదల్లోకి వచ్చింది. పాయలో ఎద్దుకే కాలు నిలవదు. మేకపిల్లల్ని చీకటి పడేలోగా దాటించకపోతే అవి దక్కవు.

ఎద్దు మధ్యలో కూర్చుంది. "పెద్దదాన్ని నేను. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పండి. ఎవరు ఏమన్నా నవ్వకూడదు. ముందు అన్నీ విందాం, ఆనక ఒకటి ఎంచుదాం" అంది.

"నేను లోతు చూస్తూ ముందు వెళతాను. మెరక ఉన్నచోట నడిపిద్దాం" అంది బాతు.

"మట్టి తవ్వి దిబ్బ పోస్తాను. వరద తీసేదాకా పిల్లలు పైన కూర్చుంటాయి" అంది పంది.

ఉడుము మెల్లగా మెడ చాచింది. "తిప్పతీగలు పేని తాడు చేద్దాం పెద్దయ్యా. కొస నోట కరుచుకుని నేను ఈదుతాను. అవతలి చెట్టుకు చుట్టి ఆ కొస మళ్ళీ ఇటే తెస్తాను. అరటి బోదెల తెప్ప ఒక కొసకు కట్టి రెండో కొస నువ్వు లాగు. తెప్ప అటు పోతుంది."

ఎద్దుకు బుర్రకెక్కలేదు. "నేను ఇటు లాగితే తెప్ప అటు పోతుందా? నీ తోక నువ్వే మింగేట్టున్నావే!" అని పకపకా నవ్వింది.

పెద్దయ్యే నవ్వాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఉడుము తొర్రలో దూరింది.

అప్పుడు లేచింది నక్క. "తాడూ గీడూ ఎందుకు? తెప్పమీద పిల్లల్ని ఎక్కించుకుని నేను వెళతాను. నా తోకే చుక్కాని. అయినా పెద్దయ్యా, ఎంచడమంటే నోటికొచ్చింది అనడం కాదు, జల్లించాలి. పిల్లల కాళ్ళు తడవకూడదు, అవునా?"

"అవును." బాతు మాట పోయింది.

"చీకటి పడేలోగా అయిపోవాలి."

"అయిపోవాలి." పంది దిబ్బ పోయింది.

"తయారీ పేరు చెప్పి ఎవరూ ముందుగా వరదలో దిగకూడదు. ప్రాణాలతో ఆటలా?"

"ఎంత న్యాయం!" అంది ఎద్దు. తాడూ పోయింది. "ఇక మిగిలింది నీదే."

అందరూ కలిసి అరటి బోదెలతో తెప్ప కట్టారు. అప్పుడు మేక ముందుకొచ్చింది. "పెద్దయ్యా, అవి నా పిల్లలు. నాదీ ఒక షరతు కలపండి. నక్క బావ ముందు ఒంటరిగా దాటి చూపించాలి."

"ఒక్కడి బరువుకు తెప్ప నిలవదు మేకమ్మా. పిల్లలుంటేనే..."

"బరువే కావాలంటే పంది మావని ఎక్కించుకో."

"నన్ను లాగకండమ్మా, నాకు సంసారం ఉంది!" అంది పంది.

"ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? నువ్వే ఎక్కు" అంది ఎద్దు నక్కతో.

అందరూ చూస్తున్నారు. ఎక్కనంటే ఎందుకంటారు. నక్క ఎక్కింది. తెప్ప ఒక చుట్టు తిరిగి, తిన్నగా దిగువకు పరిగెత్తింది. తోక ఎంత ఆడించినా వినలేదు.

"అవతలి ఒడ్డు ఇటు బావా!" అని పంది కేకేసింది.

"ఆపండర్రా!" అని నక్క ఏడుపు.

వెంట వెళ్ళిన బాతు రొప్పుతూ తిరిగొచ్చింది. "కింద మెరకమీద నక్క పెళ్ళామూ బావమరదులూ విస్తళ్ళు వేసుకుని కూర్చున్నారు. తెప్ప వాళ్ళ ముందునుంచే ఆగకుండా సముద్రంకేసి పోయింది."

మేక పిల్లల్ని దగ్గరకు తీసుకుని ఎద్దు మొహంలోకి చూసింది. ఒక్క మాట అనలేదు. అనుంటే ఎద్దుకు కాస్త తేలికయ్యేది.

ఎద్దు తొర్ర దగ్గరకు వెళ్ళి మోకాళ్ళు వంచింది. "నవ్వొద్దన్నదీ నేనే, ముందు నవ్విందీ నేనే. అర్థం కాలేదని చెప్పుకోలేక నవ్వాను."

"అడిగితే చెప్పేదాన్నిగా పెద్దయ్యా."

"పెద్దదాన్నయ్యుండి ఎలా అడగను?"

"ఇప్పుడు అడుగుతున్నావుగా. పద, నీళ్ళు పొదలు దాటాయి."

కొత్త తెప్ప కట్టారు, ఖాళీగా వెనక్కు లాక్కోవడానికి దానికి ఇంకో తాడు తగిలించారు. ఉడుము తాడు చుట్టి తెచ్చింది. ఎద్దు ఇటు లాగింది, తెప్ప అటు పోయింది. లాగిన ప్రతిసారీ ఎద్దు కళ్ళు దించుకుంది. పిల్లలు దాటాయి, తల్లి దాటింది, పంది దాటింది. ఆఖరున ఎద్దు తాడు కొమ్ములకు చుట్టుకుని నీళ్ళలో దిగితే, అవతలినుంచి అందరూ కలిసి లాగారు. ముందు పట్టు ఉడుముది. ఒడ్డెక్కాక కూడా ఎద్దు తల ఎత్తలేదు.

ఉపాయాలన్నీ విన్నాక పెట్టే షరతు ఎవడో ఒకడి ఒంటికి కొలిచి కుట్టిన చొక్కా.

ఇంకొక మాట. మా దగ్గరి ఇంజనీరింగు కాలేజీలో పిల్లలు ప్రాజెక్టుకు ఐడియాలు ఎంచేటప్పుడు ఈ కథ చెబుతున్నారట. సంతోషం. కాని చెప్పే సారు తాడు ఉపాయం ఎద్దుదంటున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి కాదన్నాను. "ఎవరిదైతే ఏంటి తాతగారూ" అన్నాడు, కూర్చోమని కూడా అనలేదు. అది నేను మరిచిపోను. నాకొచ్చిన నాలుగు అక్షరాలకు అక్కడ విలువ లేదు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా వెళ్ళి దిద్దండి: ఉపాయం ఉడుముది, పిల్లల్ని నక్క నోట పడకుండా కాచింది మేక.