తోకచుక్కను ముందు చూసిందెవరు?

వెలగదుర్గాన్ని భూరిశేఖర మహారాజు ఏలుతున్న రోజుల్లో, ఆ ఊళ్లో కొందరికి ఆకాశం పిచ్చి పట్టుకుంది. వీణ నేర్పే కందాళమ్మ, సైన్యంలో కొలువు చాలించిన మల్లపనాయుడు, మరి నలుగురైదుగురు రోజూ పొద్దువాలగానే ఊరికి పడమటనున్న గుట్టెక్కి చుక్కలు చూస్తూ కూర్చునేవారు. వాళ్లు జ్యోతిష్కులు కారు, జాతకాలు చెప్పరు. చూడటం ఇష్టం, చూస్తారు, అంతే.

ఆ ఏడు తూర్పు రేవుల నుంచి వచ్చిన వర్తకులు ఒక కబురు తెచ్చారు. తెల్లవారుజామున ఒక తోకచుక్క కనిపించిందట. రోజురోజుకీ సూర్యుడికి దగ్గరై, ఆ వెలుగులో మాయమైందట.

"అయితే త్వరలోనే అటునుంచి బయటపడి, సాయంత్రంపూట మనకు పడమట కనిపిస్తుంది" అంది కందాళమ్మ.

ఇక గుట్ట మీద ఒకటే ఎదురుచూపు. మబ్బు పట్టిన రోజున మల్లపనాయుడు మేఘాలను తిట్టే తిట్లు ఊళ్లోకి వినిపించేవి.

ఈ సంగతి రాజుగారి చెవిన పడింది. "నా రాజ్యం మీదికి వచ్చే చుక్కను నాకంటే ముందు ఇంకొకరు చూడటమా?" అని ఆయన మండిపడి, వెంటనే చాటింపు వేయించాడు. తోకచుక్కను మొదట చూసే హక్కు ప్రభువులది. వారికంటే ముందు చూసినవాళ్లు రాజ్యం విడిచి పోవాలి. దాని పేరు ఇకమీదట 'భూరిశేఖర కేతువు'. ఆ పేరు చెక్కడానికి శిల్పులు ఒక రాయిని నున్నగా తీర్చసాగారు కూడా.

మర్నాటి నుంచి రాజుగారు డప్పులతో, పల్లకీతో గుట్టకు రావడం మొదలుపెట్టారు. మెత్తటి పరుపు మీద కూర్చుని ఆయన తల పైకెత్తితే, గొడుగువాడు అలవాటు కొద్దీ నెత్తిన గొడుగు పట్టేవాడు. ఆకాశానికి బదులు రాజుగారికి గొడుగు ఊచలు కనిపించేవి.

ఒక సాయంత్రం మబ్బు విడిపోయింది. సూర్యుడు దిగిపోయాక పడమటి ఎరుపు మెల్లగా చల్లారుతోంది. అందరూ ఊపిరి బిగబట్టారు.

"అదుగో! వచ్చింది!" అని కందాళమ్మ ఒళ్లు మరచి అరిచింది.

రాజు గభాలున లేచాడు. "నేనెప్పుడో చూశాను! అబ్బ, ఎంత పెద్ద తోక!" అని వేలు చూపించాడు.

ఆ వేలు దక్షిణానికి తిరిగి ఉంది. అక్కడ కుమ్మరి ఆవం నుంచి పొగ లేస్తోంది. ఎవరూ నవ్వే సాహసం చేయలేదు. రాజుగారి వెనుక నిలబడ్డ ఆస్థాన విదూషకుడు కోనప్పకు మాత్రం ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

మంత్రి వంగి, "ప్రభూ, ఆమె తమకంటే ముందు అరిచింది" అన్నాడు.

తెల్లారి కందాళమ్మను సభలో నిలబెట్టారు. ఆమె శిష్యురాళ్లు వాకిట్లో ఏడుస్తున్నారు. "ఏమంటావు?" అని రాజు గద్దించాడు.

"తప్పే మహారాజా. కానీ ఇన్నాళ్లు ఎదురుచూసింది కళ్లబడ్డాక నోరు ఆగలేదు" అంది కందాళమ్మ. ఆమె తల దించలేదు.

"అయితే రాజ్యం విడిచి పో!"

కోనప్ప లేచి చేతులు జోడించాడు. "న్యాయమైన తీర్పు ప్రభూ. చాటింపు ఏమని వేయించమంటారు?"

"ఇందులో అడగడానికేముంది? ప్రభువుకంటే ముందు తోకచుక్కను చూసిన నేరానికి అని వేయించు."

"చిత్తం. శిల్పులకు కూడా చెప్పి వస్తాను. రాతి మీద 'కందాళమ్మ కేతువు' అని చెక్కాలి కదా!"

"ఏం కూస్తున్నావు?"

"ముందు చూసింది ఆవిడేనని ఇప్పుడే ప్రభువులు నిండుసభలో సెలవిచ్చారు!"

రాజు ఉలిక్కిపడ్డాడు. "కాదు కాదు, ముందు చూసింది నేనే!"

"అలాగైతే ఆవిడ తమ తరవాత చూసింది. తరవాత చూసినవాళ్లకు శిక్ష లేదు."

రాజు మీసం దువ్వుకుని ఆలోచించాడు. "అసలు ఆవిడేమీ చూడలేదు. ఉత్తినే అరిచింది. అబద్ధమాడినందుకు శిక్ష!"

"అమ్మయ్య! అంటే అక్కడ చుక్క లేనే లేదన్నమాట. మరి ఆ కేక విని లేచి, తోక పెద్దదని ప్రభువులు మెచ్చుకున్నది దేన్ని?"

కోనప్ప సింహాసనం దగ్గరికి వెళ్లి, రాజు చెవిలో గుసగుసలాడాడు. "ప్రభూ, దాన్ని ధూమకేతువని కూడా అంటారు, నిజమే. కానీ నిన్న దక్షిణాన ధూమం మాత్రమే ఉంది. కేతువు పడమట ఉంది."

రాజు ముఖం ఎర్రబడింది. పెదవులు బిగించాడు. అంతలో బొజ్జ కదిలింది, భుజాలు కదిలాయి, చివరికి నవ్వు ఆపుకోలేక సింహాసనం చేతులు పట్టుకున్నాడు.

"నాకు కనిపించలేదు కోనప్పా! ఎంత చూసినా కనిపించలేదు! ఏమ్మా, నాకు చూపిస్తావా?"

ఆ సాయంత్రం డప్పుల్లేవు, గొడుగు లేదు. కందాళమ్మ రాజు పక్కన నిలబడి చెప్పింది. "దాని మీదే చూపు గుచ్చకండి మహారాజా. కాస్త పక్కకు చూడండి. అదే కంట్లోకి వస్తుంది."

రాజు చాలాసేపు పక్కకు చూశాడు. ఉన్నట్టుండి చేత్తో నోరు మూసుకున్నాడు. పడమట, చెరిగిన విభూతి రేఖలా, తెల్లగా, పలచగా నిలబడి ఉంది తోకచుక్క.

గుట్ట దిగేముందు రాజు కందాళమ్మకు తన శాలువా కప్పి, "కోనప్పా, నీకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఈ చుట్టం వెళ్లిపోయేదాకా కోట మీది దివిటీలు ఆర్పించండి ప్రభూ. ఆ వెలుగుకు బెదిరి మాకు సరిగా కనబడటం లేదు."

"ఓరి నీ అసాధ్యం కూలా! బహుమానం ఇస్తానంటే నా కోటకే చీకటి పెడతావా!" అని రాజు పగలబడి నవ్వి, మెడలోని హారం కూడా తీసి అతని మెడలో వేశాడు.

మర్నాడు పొద్దుగూకేసరికి వెలగదుర్గంలో ఒక్క దివిటీ వెలగలేదు. జనం పిల్లాపాపలతో మిద్దెలెక్కారు. అంతఃపురం మెట్ల మీద భూరిశేఖర మహారాజు కాలు తప్పి, "దీపం!" అని అరవబోయి, నాలుక కరుచుకుని, తనలో తాను నవ్వుకుంటూ గోడ తడుముకుంటూ పైకెక్కాడు.