పగటి దివిటీలు

పూర్వం ఒక రాజ్యంలో బడుల మీద అధికారి ఎక్కడికి వెళ్లినా, ఎండ చాలదన్నట్టు మిట్టమధ్యాహ్నం కూడా నాలుగు దివిటీలు ఆయన ముందు నడిచేవి. అది ఆయన హోదా.

ఒకరోజు సాలెపేట బడిలోకి ఆ దివిటీలతోనే వచ్చి, "ఇక్కడ నూనె దుబారా అవుతోంది. ఇవాళ్టినుంచి దీపాలు పెట్టొద్దు," అన్నాడు. రోజూ పగలంతా మగ్గాల దగ్గర పనిచేసి పొద్దుగుంకాక చదువుకునే పిల్లలు, ఆయన వస్తున్నాడని ఆ పూట పగలే బడికి వచ్చారు; ఆ మాటకు తలలు దించుకున్నారు.

బడి ఊడ్చే సాయమ్మ కిటికీలన్నీ మూసేసింది. గది చీకటైంది. దివిటీల వెలుగులో పిల్లలు చదవసాగారు.

"ఏమిటీ పని?" అన్నాడు అధికారి.

"దుబారా వద్దన్నారు కదయ్యా. ఎండలో ఈ దివిటీలతో ఎవరికీ పనిలేదు. ఇక్కడైతే అక్షరాలు కనిపిస్తున్నాయి."

ఆయన వంగి, దివిటీ వెలుగులో ఒక పిల్లాడు చదువుతున్న అక్షరాలు చూశాడు. తర్వాత దివిటీలు ఆర్పించి, వాటికని తెచ్చిన నూనంతా బడి జాడీలో పోయించాడు.

ఆ రోజు ఎండ వెలుగులోనే ఇల్లు చేరాడు.