ఇల్లుబండి నీళ్ల పీపా

సముద్రపు రోడ్డు మీద ఇల్లుబండి నడిపిన మేకపోతు ఎవరని అడిగితే, ఉప్పు మడుల్లో పీతలు కూడా నా పేరే చెబుతాయి. గడ్డాల రాయుణ్ణి నేనే. ఏడు తుపానుల్లో బండి నడిపాను. అందులో ఒకటి నాకెదురొచ్చి, నా గడ్డం చూసి, దారి తప్పానని చెప్పి మళ్లీ సముద్రంలోకి పోయింది. నేను హారన్ కొడితే రోడ్డుకి రెండు వైపులా కొబ్బరికాయలు వాటంతటవే రాలేవి. ఇవన్నీ విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వాలనే చెబుతాను. ఇప్పుడు చెప్పబోయే దానికి మాత్రం ఎవరూ నవ్వనక్కర్లేదు.

మా ఇల్లుబండి ఒకప్పుడు బస్సు. సీట్లు పీకేసి వెనక వంటిల్లు, మధ్యలో పడకలు పెట్టి, పైకప్పు ఇంకో మూరెడు లేపించాను. పక్కనుంచి చూస్తే చక్రాల మీద గోడ నడిచొస్తున్నట్టు ఉండేది. అందులో కాపురం మేమే: బాతు అచ్చాయమ్మ, ఆమె మంద, ఎద్దు బొల్లన్న, నేను. కోతలు ఎక్కడైతే అక్కడికి పోవడం మా బతుకు. కోసిన మళ్లలో రాలిన గింజలు, నత్తలు అయిపోగానే మళ్లీ బండెక్కి ఇంకో ఊరి పొలాలకి.

బొల్లన్నకి మాట తక్కువ, పద్ధతి ఎక్కువ. బయల్దేరే ముందు బండి అడుగున చక్రాల మధ్య బిగించిన నీళ్ల పీపా అంచుదాకా నింపేవాడు. ధాన్యం బస్తాలన్నీ నేల మీద, నడిమధ్యన పేర్చి, వాటి పక్కన తానూ పడుకునేవాడు. పైకప్పు మీద గడ్డిపోచ పెట్టనిచ్చేవాడు కాదు. ఎత్తు బండికి బరువు అడుగునుంటేనే గాలికి నిలబడుతుందనేవాడు. పెద్ద లారీ పక్కన పోయేటప్పుడు ముందు మనల్ని అవతలికి నెడుతుంది, ఆ తర్వాత తనవైపు లాక్కుంటుంది, ఈ రెండింటికీ కంగారుపడి స్టీరింగు తిప్పకు, గట్టిగా పట్టుకుని వేగం తగ్గించు చాలు అనేవాడు. సరుగుడు చెట్ల కొసలు సగానికి వంగాయంటే ఇక బండి తోట చాటున ఆపేసి కూర్చోవాలి, అంతే.

ఆరేళ్లు అలాగే నడిపాను. ఆరేళ్లలో బండిలో టీ గ్లాసు ఒలకలేదు. ఆ గొప్పంతా నా చేతి చలవేనని ప్రతి దాబా దగ్గరా చెప్పుకున్నాను. బొల్లన్న వినీ విననట్టు నెమరేసుకుంటూ ఉండేవాడు.

ఆ ఏడాది అచ్చాయమ్మ గంపలో పదకొండు గుడ్లు పొదుగుతోంది. ముందటేడు పొదిగినవన్నీ ముంగిస పాలయ్యాయి. అందుకని ఈసారి గంప దిగితే ఒట్టు. ఇంకో రెండు రోజుల్లో పిల్లలవుతాయనగా, మేమున్న ఊళ్లో వరి కొయ్యకాళ్లకి నిప్పు పెట్టడం మొదలెట్టారు. పొగలో గుడ్లు ఉంచలేం. సముద్రపు రోడ్డు దాటి చెరువు గట్టుకి చేరిపోదామని బయల్దేరాం.

బండెక్కే ముందు అచ్చాయమ్మ నన్ను పిలిచి ఒక గుడ్డుకి చెవి పెట్టమంది. పెట్టాను. లోపల టిక్కుమంది.

“మెల్లగానే పోనీ అన్నా. ఒక పూట ఆలస్యమైనా నాకు ఫర్వాలేదు” అంది.

నా బండిలో గుడ్డు మీద వాలిన ఈగ కూడా జారదని చెప్పి మీసం లేకపోయినా మెలేశాను.

సరుగుడు తోట మొదట్లో టీకి ఆగాం. అక్కడ తగిలాడు నక్క చిదంబరం. తోట చివర వియ్యాలవారి బొరియ ఉందనీ, అక్కడిదాకా ఎక్కించుకోమనీ అడిగాడు. ఎక్కించుకున్నాను. గుడ్ల గంప వైపు ఒక్కసారి చూసి, మళ్లీ చూడలేదు. మర్యాదస్తుడనుకున్నాను.

మేం కదిలామో లేదో ఏనుగు కొండలరావు లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. పద్నాలుగు చక్రాలది, కొండ కదిలినట్టుంటుంది. మా బండి అటు ఊగి, ఇటు ఊగి సర్దుకుంది. చిదంబరం నాలుక చప్పరించాడు.

“ఏంటి బావా, అలా చప్పరిస్తావ్?” అన్నాను.

“చెబితే నొచ్చుకుంటావు బావా.”

“చెప్పకపోతే దింపేస్తాను.”

మొన్న దాబాలో కొండలరావు నా గురించి ఏమన్నాడో అప్పుడు చెప్పాడు. రాయుడి బండి రోడ్డు మీద పోయే ఇల్లు కాదు, ఇంటి ముందు పోయే రోడ్డుని చూస్తూ కూర్చునే ముసలమ్మ అని అన్నాడట. అందరూ పగలబడి నవ్వారట. తాను మాత్రం నవ్వలేదట.

“తప్పు నీ చేతిది కాదు బావా” అన్నాడు చిదంబరం, నా భుజం నిమురుతూ. “నీ అడుగున ఆ నీళ్లేంటి? ఆ బస్తాలేంటి? ఆ ఎద్దేంటి? సంకెళ్లేసి పరిగెత్తమంటే ఎవరు పరిగెత్తుతారు? నీళ్లు వదిలెయ్. బస్తాలు పైకెక్కించు, బాతులకి కాళ్లు చాపుకునే చోటొస్తుంది. ఎద్దు నాలుగడుగులు నడిస్తే అరిగిపోడు. అప్పుడు చూడు, కొండలరావుని దాటి పోతుంటే దాబాలో ఎవరి ముఖం ఎక్కడుంటుందో.”

మేకపోతు గాంభీర్యం అని జనం ఊరికే అనరు. బండి ఆపాను.

పీపా కుళాయి నేనే తిప్పాను. నీళ్లు ఇసకలోకి ఇంకిపోతుంటే బొల్లన్న వచ్చి నిలబడ్డాడు. పైకి తలెత్తి చెట్ల కొసలు చూపించాడు. అప్పటికే సగానికి వంగి ఉన్నాయి. తోట లోపల ఉన్నాం కాబట్టి మాకు గాలి తగలడం లేదంతే, తోట దాటితే ఉప్పు మడులు, అడ్డం ఒక్క మొక్క లేదు, ఈ రాత్రికి ఇక్కడే ఉందామన్నాడు. నేను వినలేదు. బస్తాలు పైకప్పుకి ఎక్కిస్తుంటే ఒక్క మాటన్నాడు.

“రాయుడూ, ఈ బండి నువ్వు నడుపుతున్నావనుకుంటున్నావు. ఇన్నాళ్లూ దాన్ని నేల మీద పట్టుకుని కూర్చున్నది ఆ నీళ్లే.”

“అయితే ఆ నీళ్లతోనే నడిచి రా. చెరువు దగ్గర కలుద్దాం” అన్నాను.

పదిమంది ముందు అన్నాను. బొల్లన్న రోడ్డు వారకి జరిగి నడక మొదలెట్టాడు. అచ్చాయమ్మ కిటికీలోంచి అతన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. నాకు ఎదురు చెప్పే అలవాటు లేని మనిషి. గంప మీద ఇంకాస్త ఒదిగి కూర్చుంది.

బండి తేలిగ్గా పరిగెత్తింది. నిజం చెప్పాలంటే అంత సుఖంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. తోట చివర చిదంబరం దిగి, నమస్కారం పెట్టి, బొరియ వైపు కాకుండా ఉప్పు మడుల గట్టు వైపు నడిచాడు. అది అద్దంలో చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

ముందు కొండలరావు లారీ కనబడింది. మెల్లగా, ఎడమ వారగా, పక్కలైట్లు వెలిగించుకుని పోతోంది. నన్ను చూసి బెదిరాడనుకున్నాను. సముద్రం మాకు ఎడమ వైపు. కుడి వైపు నుంచి లారీని దాటడానికి పోయాను.

లారీ పక్కకి రాగానే గాలి ఆగిపోయింది. ఆ కొండంత లారీ సముద్రపు గాలికి అడ్డం ఉందని తట్టలేదు, గాలి నాకు భయపడి ఆగిందనుకున్నాను. లారీ నన్ను తనవైపు లాగుతుంటే స్టీరింగు కుడికి బిగపట్టి, దాని ముక్కు దాటాను.

దాటిన చోటే గాలి కొట్టింది. ఎడమ నుంచి, మొత్తం గోడ మీద, ఒక్కసారిగా. స్టీరింగు అప్పటికే కుడికి తిప్పి ఉందాయె, బండి అటే దూకింది. బొల్లన్న ఏం చెప్పాడో తెలుసు. గట్టిగా పట్టుకో, వేగం తగ్గించు. నా చేతులు మాత్రం స్టీరింగుని ఎడమకి ఒక్క గుంజు గుంజాయి. పైనున్న బస్తాలు కుడికి ఒరిగాయి. అడుగున పట్టుకునేది ఏమీ లేదు. ఇల్లుబండి నిండు సంసారంతో ఉప్పు మడిలో పక్కకి పడుకుంది.

నా కాలు సీటు కింద ఇరుక్కుంది. బాతులు అరుస్తూ కిటికీల్లోంచి పైకెగిరాయి. అచ్చాయమ్మ రెక్క మంచం కింద పడి నలిగింది. గంప బోర్లాపడి గుడ్లు బురదలోకి దొర్లాయి. అయిదు అక్కడే పగిలాయి. ఆరు మెత్తటి బురదలో పడి అలాగే ఉన్నాయి.

అప్పుడు గట్టు మీంచి చిదంబరం పరిగెత్తుకొచ్చాడు. వెంట ఒక సంచి. నాకప్పుడైనా తెలియొద్దా, వియ్యాలవారింటికి పోయేవాడికి ఖాళీ సంచి ఎందుకని.

“కదలకు బావా, కాలు విరుగుతుంది” అన్నాడు. “ఎండకి గుడ్లు మాడిపోతాయి. ఏరి నీడలో పెట్టొస్తాను.”

అచ్చాయమ్మ “వద్దు అన్నా, వద్దు అన్నా” అని గొణుగుతూనే ఉంది. నేను ఆమె మాట వినిపించుకోకుండా, చిదంబరంతో “జాగ్రత్త బావా, పగలనీకు” అన్నాను.

ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

ఒక్కటి కూడా పగలనివ్వలేదు. ఆరింటినీ ఊది, తుడిచి, సంచిలో పెట్టుకుని, గట్టు దిగి పోయాడు. మళ్లీ కనబడలేదు.

కొండలరావు లారీ ఆపి వచ్చాడు. దాబాలో తాను అలాంటి మాటే అనలేదని తర్వాత తెలిసింది. నన్ను సీటు కింద నుంచి లాగుతూ అడిగాడు.

“అంత బరువుతో నేనే ఎందుకు మెల్లగా పోతున్నానో ఆలోచించలేదా, రాయుడూ?”

పొద్దు వాలుతుండగా బొల్లన్న నడుచుకుంటూ వచ్చాడు. పడి ఉన్న బండి చూశాడు, బోర్లాపడ్డ గంప చూశాడు. నన్ను తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. బండి అడుక్కి వంగి, నేను తెరిచి వదిలేసిన పీపా కుళాయిని మూసేశాడు. తర్వాత కొండలరావుతో కలిసి భుజమిచ్చి బండి నిలబెట్టాడు.

ఇప్పటికీ అదే బండి, అదే రోడ్డు. అచ్చాయమ్మ మాతోనే వస్తోంది. కోతల వెంట పోక బాతు మందకి ఇంకో దారి లేదు. ఆ గుడ్ల మాట ఎత్తి నన్ను ఒక్కనాడూ దెప్పలేదు. కాకపోతే బయల్దేరే ప్రతిసారీ, నేను స్టీరింగు పట్టుకున్నాక, ఆమె మళ్లీ కిందికి దిగుతుంది. ఈడ్చుకుపోయే రెక్కతో చక్రాల మధ్యకి పోయి, నీళ్ల పీపాని ముక్కుతో టక్ టక్‌మని కొడుతుంది. నిండుగా ఉందో లేదో చప్పుడుని బట్టి చూసుకుని, అప్పుడెక్కుతుంది. ఆ చప్పుడు నాకు పైదాకా వినిపిస్తుంది. గుడ్డులో విన్న చప్పుడు లాగే ఉంటుంది.

తుపానులు ఏడు కాదు, రెండే. కొబ్బరికాయలు రాలిందీ లేదు. గుడ్లు మాత్రం పదకొండు. ఆ లెక్క నేను పెంచనూ లేను, తగ్గించనూ లేను.

వెనక ఇంకొకరి ప్రాణాలు కూర్చున్నప్పుడు, ముందు కూర్చున్నవాడు తన పేరు కోసం బండి తోలకూడదు.