చూడకుండా రాసిన మాట

ఉత్తరాంధ్రలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో సుధాంశు అనే కుర్ర డాక్టరు ఉండేవాడు. అతను లెక్కల్లో ఎంత చురుకో, ఆ చురుకు చూసుకుని అంత మిడిసిపడేవాడు.

కండలోనో, కొవ్వులోనో, నరాల పక్కనో పుట్టే క్యాన్సర్ గడ్డను సార్కోమా అంటారు. ఆ గడ్డల కోసం ఆసుపత్రిలో వారానికి ఒక రోజు ఓపీ ఉండేది. క్యాన్సర్ ఒక్కోసారి బిళ్ళల్లోకి, అంటే ఒంట్లోని లింఫు గ్రంథుల్లోకి, కూడా పాకుతుంది. అందుకని వచ్చిన ప్రతి మనిషికీ మెడ, చంకలు, గజ్జలు చేత్తో తడిమి బిళ్ళ కట్టిందేమో చూడాలని పెద్ద డాక్టరు మెహరున్నీసా నియమం పెట్టారు. చూసిన సంగతి కేసు కాగితంలో "బిళ్ళలు" అనే గడిలో రాయాలి. ఆ గడి నింపే పని సుధాంశుది.

మొదటి నెల అతను శ్రద్ధగా తడిమాడు. ఎవరికీ ఏమీ దొరకలేదు. అప్పుడు లెక్క వేశాడు. పెద్దవాళ్ళలో ఈ జబ్బు బిళ్ళలకు పాకేది వందలో ఏ నలుగురికో ఐదుగురికో. ఒక్కొక్కరిని తడమడానికి నాలుగు నిమిషాలు. వారానికి ఎనిమిది మంది కొత్తవాళ్ళు. "ముప్ఫై రెండు నిమిషాలు గాలిని తడుముతున్నాను" అనుకున్నాడు. ఆ వారం నుంచి గడ్డ ఒక్కటే చూసి, గడిలో "లేవు" అని రాసేసేవాడు. భోజనం వేళకు ముందే ఓపీ ఖాళీ అయ్యేది.

"మా చిన్న డాక్టరుగారు కూర్చుంటే క్యూ మంచులా కరిగిపోతుంది" అని నర్సు మెచ్చుకునేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

అలా రాయడం మొదలుపెట్టిన ఐదో వారం జనపనార మిల్లులో పనిచేసే పైడితల్లి వచ్చింది. ఆమెకు కుడి ముంజేతి మీద ఉసిరికాయంత గడ్డ.

"మిల్లులో అందరూ నీ సెయ్యి గుడ్డెట్టిందేటే అంటన్నారు బాబూ" అంది నవ్వుతూ. తర్వాత చీర కొంగు సర్దుకుని, "సెయ్యెత్తమంటారేటి?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా" అన్నాడు సుధాంశు. అప్పటికే అతని కలం "లేవు" అని రాసేసింది.

గడ్డలోంచి తీసిన ముక్క పరీక్షకు వెళ్ళింది. ఊపిరితిత్తులకు స్కాన్ తీశారు. స్కాన్ చూసినవాళ్ళు కాగితంలో "లేవు" అని చదివి, చంకల వైపు చూడకుండా, ఊపిరితిత్తులు బాగున్నాయని రాసి పంపారు. మంగళవారం డాక్టర్లందరూ కూర్చున్నప్పుడు ముక్క పరీక్ష ఫలితం వచ్చింది. అది ఎపిథెలాయిడ్ అనే అరుదైన రకం.

మెహరున్నీసా కళ్ళద్దాలు తీశారు. "ఇది మిగతా రకాల్లాంటిది కాదు. బిళ్ళల్లోకి పాకడం దీనికి బాగా అలవాటు. ఈమె చంక ఎవరు చూశారు?"

సుధాంశు కేసు కాగితం వైపు చూశాడు. చూడలేదని చెబితే ఐదు వారాల సంగతీ బయటపడుతుంది.

"నేనే చూశాను మేడమ్. ఏమీ లేదు."

"సరిగ్గా చూశావా?"

"సరిగ్గానే చూశాను."

ఆవిడ నమ్మారు. చేతి గడ్డకు మాత్రమే ఆపరేషన్ నిశ్చయించారు. ఆ సాయంత్రం సుధాంశు రెండుసార్లు వార్డు గుమ్మం దాకా వెళ్ళాడు. ఇప్పుడు తడిమితే, బిళ్ళ దొరికితే ఏమని చెప్పాలి? రెండుసార్లూ వెనక్కి వచ్చేశాడు.

శుక్రవారం పొద్దున పైడితల్లికి మత్తు ఇచ్చారు. గుడ్డ కప్పే ముందు మెహరున్నీసా ఆమె చంకలో చెయ్యి పెట్టారు. అది ఆవిడ అలవాటు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆవిడ సుధాంశు చేతిని పట్టుకుని అదే చోట పెట్టారు. వేళ్ళ కింద కుంకుడు గింజంత గట్టి బిళ్ళ తగిలింది.

"ఏమీ లేదని మంగళవారం చెప్పావు కదా?"

"నేను... చూడలేదు మేడమ్."

అందరూ అతని వంక చూడకుండా ఉండడానికి ప్రయత్నించారు. తిట్టినా అంత సిగ్గు పడేవాడు కాదు.

మెహరున్నీసా చేతి తొడుగులు విప్పేశారు. "చంక కొయ్యడానికి ఆమెను అడగలేదు. జబ్బు ఎంత దూరం పాకిందో తెలియదు. తెలియకుండా నేను కత్తి పెట్టను. ఆమె లేచాక నువ్వే చెప్పు. నా పేరు అడ్డం పెట్టుకోకు."

మధ్యాహ్నానికి పైడితల్లి కళ్ళు తెరిచింది. "అయిపోనాదా బాబూ?"

"లేదమ్మా. చెయ్యలేదు."

"అదేటి! నిన్నట్నుంచీ పస్తున్నాను గదా."

సుధాంశు తల వంచుకున్నాడు. "మీ చంకలో బిళ్ళ ఉంది. జబ్బు అందులోకి కూడా వచ్చి ఉండొచ్చు. నేను చూడకుండానే లేదని రాశాను."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "సూడకుండా రాసీడమేటి బాబూ? మిల్లులో బస్తా తూకం ఎయ్యకుండా సీటీ రాసిస్తే మమ్మల్ని మెడట్టుకు గెంటేత్తారు." అని గోడ వైపు తిరిగి పడుకుంది.

సూది పరీక్షలో ఆ బిళ్ళలో క్యాన్సర్ ఉందని తేలింది. పాత స్కాను మళ్ళీ చూస్తే, ఒక మూల ఆ బిళ్ళ కూడా కనబడింది. మూడు వారాల తర్వాత చేతి గడ్డనూ చంకలోని బిళ్ళలనూ కలిపి తీసేశారు. ఆ మూడు వారాలు ఆమెకు ఎంత నష్టం చేశాయో ఎవరూ చెప్పలేరు. లెక్కలు తెలిసిన సుధాంశు కూడా చెప్పలేకపోయాడు.

ఐదు వారాల్లో అతను అలా రాసిన కాగితాలు నలభై. మిగిలిన ముప్ఫై తొమ్మిది మందికీ తనే ఫోన్ చేశాడు. "నేను మిమ్మల్ని సరిగ్గా చూడకుండా రాశాను. మళ్ళీ రండి" అని ప్రతివాళ్ళకీ అవే మాటలు చెప్పాడు. పలాస నుంచి ఒక ముసలాయన, "ఇంత సదువూ ఇందుకేనా నాయనా?" అన్నాడు. "తప్పయిపోయింది తాతా" అన్నాడు సుధాంశు. అందరూ వచ్చారు. అందరినీ తడిమాడు. ఒక్కరికీ బిళ్ళ దొరకలేదు.

నలభైలో ఒక్కరు. అతను మొదట వేసిన లెక్క ఇంచుమించు నిజమే. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు, అనడానికి నోరు రాలేదు.

నీతి: వందమంది గురించి చెప్పే లెక్క మన ఎదుట కూర్చున్న మనిషి గురించి చెప్పదు, చూడనిదాన్ని చూశానని రాసినవాడు, లెక్క నిజమైనా, అబద్ధమాడినవాడే.