మంచి కబుర్ల మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. మన కథ మొదలయ్యేసరికే ఆయన పోయాడు, కాబట్టి ఆయన సంగతి వదిలేద్దాం. ఆయన ఏలిన రాజ్యం పేరు పొడిమెట్ట. పేరుకు తగ్గట్టే అక్కడ బావులు దాదాపు అన్నీ ఎండిపోయాయి. మిగిలిన ఒకటి రెండు బావుల్లో ఉప్పునీళ్లు ఊరేవి. రాజు పోయాక రాణే రాజ్యం చూసుకునేది. ఆమెకు ముగ్గురు కొడుకులు.

ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడి దగ్గర జలమణి ఉందనీ, దాన్ని ఎండిన బావిలో వేస్తే పాతాళగంగ పొంగుతుందనీ ఓడవాళ్లు చెప్పారు. పెద్దకొడుకు వెళ్లాడు, రాలేదు. నడిపికొడుకు వెళ్లాడు, రాలేదు. చిన్నకొడుకు పేరు మేఘవాహనుడు. అతనికి పెళ్లయింది, మూణ్ణెల్ల కూతురు కూడా ఉంది. అయినా ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో తిరిగి రావడం చూడలేక, "ఇక నేనే వెళ్తానమ్మా" అన్నాడు.

పొడిమెట్టలో ఒక ఆచారం ఉంది పిల్లలూ. పని మీద దూరదేశం వెళ్లినవాడికి చెడ్డ కబురు పంపకూడదు. ఇల్లు కూలినా, ఎద్దు చచ్చినా, "అంతా క్షేమం" అనే చెప్పాలి. చెడ్డ కబురు వింటే వెళ్లినవాడి చెయ్యి వణుకుతుందట, పని చెడుతుందట. ఎవరు పెట్టారో ఆ ఆచారం, వాళ్ల నోట్లో మన్ను పడ!

మేఘవాహనుడి భార్య గంధవతికి నోరు కాస్త గట్టిది. ఓడ ఎక్కబోయే భర్తతో, "నేను మాత్రం పాపకు దగ్గొస్తే దగ్గొచ్చిందనే చెబుతాను. మీకిష్టమైతే వినండి, లేకపోతే చెవులు మూసుకోండి" అంది.

"వద్దు గంధవతీ. అంత దూరంలో ఉండి ఏం చేయగలను? మంచి కబురే పంపు. నాకదే బలం" అన్నాడు మేఘవాహనుడు.

తల్లి కొడుకు తల నిమిరింది. "దాని మాటలకేంలే నాయనా. నా దగ్గర నీకెప్పుడూ మంచి కబుర్లే ఉంటాయి" అంది.

ఉప్పు సముద్రం దాటాడు. పాల సముద్రం దాటాడు. తక్కిన అయిదూ దాటేసరికి ఓడ తెరచాప చిరిగి పీలికలైంది. ఏడో సముద్రం అవతలి ఒడ్డున ఒక నల్లకొండ, కొండ పక్కన ఒక మేడ, మేడ గుమ్మంలో మాంత్రికుడు. కోరలుంటాయనుకుంటున్నారా? లేవు. కొమ్ములూ లేవు. గంధం పూసుకుని, తాతలా నవ్వుతూ, వెన్న రాసినట్టు మాట్లాడే ముసలాయన.

"జలమణి ఇస్తాను నాయనా, ఎందుకివ్వను? మూడు పనులు చేసిపెట్టు. మీ అన్నలు కూడా కొండ అవతలి వైపున పనిలో ఉన్నారు. పనయ్యాక అందరూ కలిసే వెళ్దురుగాని" అన్నాడు. తర్వాత మేఘవాహనుడి కళ్లలోకి చూసి, "ఇంటి మీద బెంగ పెట్టుకుంటావేమో, ఇదిగో" అని ఒక పచ్చని చిలుకను అతని భుజం మీద పెట్టాడు. "ఇది రోజూ పొద్దుగూకేవేళ మీవాళ్ల కబురు తెస్తుంది. మంచి కబురు కావాలా, ఉన్న కబురు కావాలా?"

ఏం చెప్పాడో తెలుసుగా. "మంచి కబురే కావాలి స్వామీ" అన్నాడు.

మొదటి పని, ఆ కొండను ముక్కలు ముక్కలుగా పగలగొట్టి సముద్రంలో పడేయడం. పగలంతా సమ్మెట పట్టుకుని అరచేతులు పుళ్లయ్యేలా కొట్టాడు. పొద్దుగూకగానే చిలుక గొంతు విప్పింది. అచ్చం తల్లి గొంతు! "నాయనా, మేమంతా క్షేమం. కడుపులో చల్ల కదలకుండా ఉన్నాం. పాప పాకుతోంది. నీ పని చూసుకునే రా" అంది. మేఘవాహనుడి అలసట చేత్తో తీసేసినట్టు పోయింది. మర్నాడు ఇంకో రెండు బండలు ఎక్కువ పగలగొట్టాడు.

కొండ కరగడానికి ఆరేళ్లు పట్టింది.

రెండో పని చెప్పాడు మాంత్రికుడు. పడేసిన బండలన్నీ మళ్లీ సముద్రంలోంచి తీయాలట! మేఘవాహనుడు సమ్మెట విసిరేసి, "ఇదెక్కడి చోద్యం? నేను ఇంటికి పోతాను" అన్నాడు. సాయంత్రం చిలుక మాట్లాడింది. "నాయనా, మేమంతా క్షేమం. తొందరేం లేదు. పాప పాకుతోంది. నీ పని చూసుకునే రా." పోనీలే, వాళ్లు సుఖంగానే ఉన్నారు కదా, ఇంకొన్నాళ్లే కదా అనుకున్నాడు. బండలు తీయడానికి ఆరేళ్లు పట్టింది.

మూడో పని ఏమిటో మీరే చెప్పండి. అవును, తీసిన బండలతో మళ్లీ ఆ కొండ ఉన్నచోటే కొండ పేర్చాలి. అది పేర్చేసరికి ఇంకో ఆరేళ్లు. "అన్నేళ్లు ఇంటికి పోవాలనిపించలేదా?" అని అడుగుతారు. రోజూ అనిపించేది. రోజూ పొద్దుగూకేది, చిలుక మాట్లాడేది, ఆ బెంగ చల్లారిపోయేది. మాంత్రికుడు కాళ్లకు గొలుసు వేయలేదు, మందు పెట్టలేదు. వినాలనుకున్న మాట వినపడుతుంటే ఏళ్లు ఎవరు లెక్కపెడతారు?

కొండ కొనకు వచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం బండల మధ్య ఒక కాకి వచ్చి పడింది. ఈకలూడిపోయి, రెక్క చచ్చుబడి, ఎముకల గూడులా ఉంది. మేఘవాహనుడు జాలిపడి నీళ్లు పోశాడు. తన కూటిలోంచి ఒక ముద్ద తీసి ముందు పెట్టాడు. కాకి ఆ ముద్దను చూసి ముఖం తిప్పుకుంది.

"ముందు చెప్పాల్సింది చెప్పనీ, తర్వాత తింటాను. నేను పొడిమెట్ట కాకిని రాజకుమారా. నీకోసం బయల్దేరి పద్నాలుగేళ్లయింది. ఒక్కో సముద్రానికి రెండేళ్లు పట్టింది. కాకిది కలకాలం బతుకు కాబట్టి బతికి వచ్చాను."

"ఏమిటి సంగతి?"

"మీ అమ్మ పోయింది."

మేఘవాహనుడు నవ్వాడు. "వెర్రి కాకీ, నిన్న సాయంత్రమే మాట్లాడిందిరా మా అమ్మ!"

"నువ్వు వెళ్లిన నాలుగో ఏడే పోయింది. ముగ్గురు కొడుకులుండీ పిండం పెట్టే దిక్కులేక మీ ఆవిడే పెట్టింది. ముట్టబోతే నాకు చేతకాలేదు. ఆమె ప్రాణం దేని మీదో ఉండిపోయింది, ముద్ద దగ్గరికి పోనివ్వలేదు. నగలు పాపకే ఇస్తామన్నారు, నేను కదల్లేదు. రాజ్యం జాగ్రత్తగా చూస్తామన్నారు, కదల్లేదు. అప్పుడు మీ ఆవిడ, 'అత్తయ్యా, మీ చిన్నకొడుక్కి ఉన్నదున్నట్టు కబురు పంపిస్తాను, ఇంటికి రప్పిస్తాను' అంది. అప్పుడు ముట్టాను. ముట్టాను కాబట్టి ఆ మాట నా మీద పడింది."

 కాకి అబద్ధమాడుతోందని మేఘవాహనుడికి అనాలనిపించింది. కాకి అతన్ని కొండ అవతలి వైపుకు తీసుకుపోయింది. పద్దెనిమిదేళ్లలో, కొండ లేని రోజుల్లో కూడా, ఒక్కసారైనా అటు వెళ్లలేదు చూశారా! అన్నలు క్షేమమని చిలుక చెబుతూనే ఉండేది మరి. అక్కడ ఒక బండ పక్కన ఎముకలు పడి ఉన్నాయి. వేలి ఎముకకు పెద్దన్నయ్య ఉంగరం ఉంది. ఆ ఎముకల పక్కనే ఒక చిలుక కూర్చుని, "ఇక్కడంతా క్షేమం, నీ పని చూసుకునే రా" అని చెబుతోంది. కాస్త దూరంలో నడిపన్నయ్య గడ్డం మోకాళ్ల దాకా పెరిగి, కొమ్మ మీది తన చిలుక మాటలు వింటూ నవ్వుకుంటున్నాడు. తమ్ముడు పిలిస్తే, "ష్, మాట్లాడకు, కబురు వస్తోంది" అన్నాడు.

ఆ సాయంత్రం మేఘవాహనుడు చిలుకను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"అమ్మా, మూడు రోజులుగా నా ఒళ్లు కాలిపోతోంది. నిలబడలేకపోతున్నాను."

"శుభం నాయనా. ఇక్కడ అందరం క్షేమం" అంది చిలుక.

"అమ్మా, బండ పడి నా కాలు విరిగింది."

"చల్లని మాట చెప్పావు. మాకంతే చాలు."

"అమ్మా, పెద్దన్నయ్య చచ్చిపోయాడు."

"చాలా సంతోషం నాయనా. పాప పాకుతోంది."

పద్దెనిమిదేళ్లుగా పాప పాకుతూనే ఉంది!  మేఘవాహనుడు చేతికందిన రాయి తీసి విసిరాడు. రాయి చిలుక కాలికి తగిలింది. అదే క్షణం మేడలో మాంత్రికుడు "అమ్మో!" అని పెద్ద కేక పెట్టాడు. కాసేపటికి ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. చిలుకకు విరిగింది కూడా ఎడమకాలే.

అప్పుడు మేఘవాహనుడికి అంతా అర్థమైంది. ప్రాణం పంజరంలో దాచుకుంటే ఎవడో ఒకడు తలుపు తీస్తాడు. ప్రేమ ఉన్నవాడి భుజం మీద పెడితే వాడే కంటికి రెప్పలా కాస్తాడు. ఇన్నేళ్లూ ఆ దుర్మార్గుడి ప్రాణాన్ని గింజలు పెట్టి సాకింది తనే.

"ఏం నాయనా, చిలుక మీద కోపమొచ్చిందా?" అన్నాడు మాంత్రికుడు చిలుకను చేతుల్లోకి తీసుకుని, మెత్తగా.

మేఘవాహనుడు కన్నీళ్లు తుడుచుకున్నాడు. "తప్పయిపోయింది స్వామీ. పిచ్చి కాకి ఏదో కూస్తే నమ్మాను. మా అమ్మ కాలికి కట్టు కడతాను, ఇలా ఒళ్లోకి ఇవ్వండి" అన్నాడు. ముసలాయన మురిసిపోయి తన చేతులతోనే చిలుకను అందించాడు. అందిన మరుక్షణం మేఘవాహనుడి వేళ్లు దాని మెడ చుట్టూ పడ్డాయి.

మాంత్రికుడు గొంతు పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నేనేం తప్పు చేశాను? మంచి కబురే కావాలని నువ్వే అడిగావు! మీ ఊరి ఆచారమే పాటించాను! దాన్ని చంపితే మీ అమ్మ గొంతు మళ్లీ వినలేవు, ఆలోచించుకో!"

అతను ఆలోచించాడు. నిజం చెప్పాలంటే చేతులు సడలాయి కూడా. ప్రపంచంలో అమ్మ గొంతు ఇక ఈ ఒక్కచోటే ఉంది. చిలుక అతని ముఖంలోకి చూసి, "చల్లగా ఉండు నాయనా" అంది. అతను గట్టిగా ఏడుస్తూ మెడ నొక్కాడు. "మేమంతా క్షేమం" అంది. ఇంకా నొక్కాడు. "నీ పని చూసుకునే..." అంటూ ఆ గొంతు ఆగిపోయింది. మాంత్రికుడు నేల మీద బోర్లా పడి మళ్లీ లేవలేదు.

తక్కిన చిలుకలన్నీ మాట మరిచి, మామూలు చిలుకల్లా కీచుమంటూ ఎగిరిపోయాయి. నడిపన్నయ్య పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి కొట్టాడు. "నా భార్య మాట్లాడుతుండేదిరా! చంపేశావు కదరా!" అన్నాడు. మేఘవాహనుడు మూడు రోజులు బతిమాలాడు. అతను ఆ ఖాళీ కొమ్మ కింది నుంచి కదలలేదు. నాలుగోరోజు మేడలో దొరికిన జలమణి మూటగట్టుకుని, పెద్దన్నయ్య ఎముకలు తీసుకుని, కాకిని భుజాన ఎక్కించుకుని మేఘవాహనుడు ఒక్కడే ఓడ ఎక్కాడు.

పొడిమెట్ట రేవులో దిగితే ఎవరూ గుర్తుపట్టలేదు. ఊరి నడుమ తియ్యటి నీళ్ల కాలువ పారుతోంది. రాజ్యం చూసుకుంటున్న గంధవతే, ఊరివాళ్లతో కలిసి ఎగువ వాగుకు అడ్డుకట్ట వేసి, తొమ్మిదేళ్ల కిందటే నీళ్లు రప్పించిందట. మణిని పెట్టె అడుగున పడేశారు.

గంధవతి జుట్టు నెరిసింది. గుమ్మంలో అతన్ని చూడగానే గుర్తుపట్టింది. "మీ చిలుక ఇక్కడికీ వచ్చింది. మీ గొంతుతో అన్నిటికీ 'సరే సరే' అంది. మీరెప్పుడు నా మాటకు సరే అన్నారు గనక? వారం తిరక్కుండా తరిమేశాను. తిన్నారా?" అంది. 

"తర్వాత తింటాను. ముందు చెడ్డ కబుర్లు చెప్పు. అన్నీ చెప్పు. ఏదీ దాచకు" అన్నాడు మేఘవాహనుడు.

చెప్పింది. తల్లి నెలరోజులు మంచం పట్టి, పోయేముందు రేవువైపు మంచం జరపమన్న సంగతి చెప్పింది. పాపకు మశూచి వచ్చి చావు తప్పిన సంగతి, కరువులో సగం ఊరు వలసపోయిన సంగతి చెప్పింది. మధ్యమధ్య అతన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. మూడు రోజులు చెబుతూనే ఉంది. అతను మూడు రోజులూ ఏడుస్తూ విన్నాడు. పద్దెనిమిదేళ్ల ఏడుపు కదా, మూడు రోజులు పట్టదా మరి!

కూతురు మాళవి మాత్రం అతన్ని దూరం నుంచే "మహారాజా" అని పిలిచేది. ఆమె తప్పేముంది? పై మాఘమాసంలో ఆమెకు ఏటి అవతలి రాజ్యపు రాకుమారుడితో పెళ్లయింది. మేళతాళాలు మోగాయి, ఊరంతా భోంచేసింది. పల్లకి ఎక్కబోయే కూతురితో మేఘవాహనుడు, "నాకు క్షేమం అని రాయకు తల్లీ. జ్వరమొస్తే జ్వరమని రాయి, కోపమొస్తే కోపమని రాయి" అన్నాడు. "అలాగే మహారాజా" అని ఆ పిల్ల తలవంచుకుని వెళ్లిపోయింది.

నెల్లాళ్లు ఏ కబురూ లేదు. తర్వాత ఒక ఉదయం వార్తాహరుడు ఉత్తరం తెచ్చాడు. మేఘవాహనుడు గబగబా విప్పాడు. అందులో ఇలా ఉంది:

"నాన్నా, ఇక్కడ నాకేం బాగాలేదు. రోజూ ఏడుస్తున్నాను. ఒక్కసారి వచ్చి చూసి పో."

పిల్లలూ, ఆ తర్వాత ఆ రాజు ముప్ఫై ఏళ్లు చల్లగా రాజ్యమేలాడు. ఎన్నో దేశాల నుంచి ఎన్నో శుభవార్తలు వచ్చాయి. కాని ఆ రోజు సంతోషించినంతగా మళ్లీ ఎప్పుడూ సంతోషించలేదు. ఉత్తరాన్ని గుండెకు హత్తుకుని, "గంధవతీ, అమ్మాయి నన్ను నాన్నా అందే!" అని కేకేసి, చెప్పులైనా తొడుక్కోకుండా గుర్రమెక్కాడు.